మజ్జిగలో వెండి, బురదలో అయస్కాంతం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "బడి జ్ఞాపకాలు అందరూ చెబుతున్నారు, నువ్వు నీ పని గురించి చెప్పు, అరగంట మించొద్దు" అన్నారు. నా పని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర కూర్చోవడం. ఇరవై ఆరేళ్లుగా అదే. ఎవరో తయారుచేసి తెచ్చిన నమూనాలో ఏ మూలకాలు ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో చూసి చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి పైగా బాక్టీరియా, బూజు తయారుచేసిన లోహపు నానో కణాలే. అందుకని వాటి గురించే ఓ పది పేజీలు రాసుకొచ్చాను. పొద్దున సైన్సు ప్రదర్శనలో తొమ్మిదో తరగతి పిల్లల బల్ల చూశాక అందులో సగం పక్కన పెట్టేశాను.

ఆ బల్ల మీద మూడు గాజు గ్లాసులున్నాయి. ఒకదాంట్లో మజ్జిగ తేట. రెండోదాంట్లో అదే తేటలో సిల్వర్ నైట్రేట్ కలిపారు. మూడోదాన్ని కలిపి ఎండలో పెట్టారు, అది గోధుమ రంగుకు తిరిగింది. పక్కన అట్ట మీద "మజ్జిగతో నానో వెండి – మన హాస్టల్‌కు శుద్ధమైన తాగునీరు" అని రాసి ఉంది. ఎవరైనా తాగారా అని అడిగాను. "ఇంకా లేదు సార్, వచ్చే వారం బిందెలో కలుపుదామనుకుంటున్నాం" అంది ఒక పాప. ఎంత ధీమాగా చెప్పిందంటే, నాకు సంతోషమూ వేసింది, గుండె కూడా ఒకసారి ఆగినంత పనయింది.

ముందు సంతోషం సంగతి చెబుతాను. ఆ పిల్లలు గాలిలోంచి పుట్టించిన ఆలోచన కాదది. 2002లో మద్రాసు ఐఐటీలో టి. ప్రదీప్ గారి బృందం మజ్జిగలో ఉండే లాక్టోబాసిల్లస్ బాక్టీరియాకు బంగారు, వెండి అయాన్లు అందించి చూసింది. ఆ కణాల దగ్గర సూక్ష్మమైన లోహపు స్ఫటికాలు పెరిగాయి. రెండు లోహాలూ కలిపి ఇస్తే మిశ్రలోహం వచ్చింది. మన ఇంట్లో కవ్వం కింద ఉండే ప్రాణి చేసిన పని అది.

ఎలా చేస్తుంది? సిల్వర్ నైట్రేట్ నీళ్లలో కలిపితే వెండి కంటికి కనబడదు. ప్రతి పరమాణువూ ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకొని అయాన్‌గా తిరుగుతుంటుంది. పోయిన ఎలక్ట్రాన్‌ను ఎవరైనా తిరిగి ఇస్తే మళ్లీ లోహమవుతుంది. మా సైన్సు మాస్టారు క్షయకరణం అని నల్లబల్ల మీద రాసి మూడుసార్లు గీత గీసేవారే, అదే ఇది. ఇలా లోహమైన పరమాణువులు వందలు, వేలు గుమిగూడితే నానో కణం. మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. మనం మాట్లాడే కణాలు పది నుంచి వంద నానోమీటర్లు. తల వెంట్రుక మందం 80 వేల దాకా ఉంటుంది.

బాక్టీరియా దగ్గర ఎలక్ట్రాన్లకు కొరత లేదు. తిన్నదాన్ని అరిగించుకునే క్రమంలో వాటిని ఒక అణువు నుంచి ఇంకో అణువుకు అందిస్తూనే ఉంటుంది. వెండి అయాన్ దానికి విషం. ప్రొటీన్లలోని గంధకాన్ని పట్టుకొని వాటి పని చెడగొడుతుంది. అందుకే దానికో ఎలక్ట్రాన్ ఇచ్చి గడ్డకట్టించి ఓ మూల పడేయడం బాక్టీరియాకు లాభం. మనం నానో టెక్నాలజీ అని పేరు పెట్టుకున్నది చాలాసార్లు దానికి చెత్త ఊడ్చుకోవడమే.

వెండి గనిలో దొరికిన సూడోమోనాస్ స్టట్జెరి అనే బాక్టీరియాను స్వీడన్ పరిశోధకులు పరిశీలించి 1999లో ప్రకటించారు. దాని పైపొరల మధ్య ఖాళీలో 200 నానోమీటర్ల దాకా ఉన్న స్ఫటికాలు కనిపించాయి. కొన్ని త్రిభుజాలు, కొన్ని షడ్భుజాలు, రేఖాగణితం నోటుపుస్తకంలో గీసినట్టు. ఆ చిత్రాలు చూసి అందరూ ఆకారం గురించే మాట్లాడుకున్నారు. నాకు ముఖ్యమనిపించింది వేరు. ఆ స్ఫటికాలన్నీ వెండి కావు. కొన్ని వెండి, మరికొన్ని వెండికి గంధకం కలిసిన సిల్వర్ సల్ఫైడ్. ఒకే బాక్టీరియా రెండు రకాల సరుకు చేస్తోంది. ఫొటోలో రెండూ నల్లటి మచ్చలే.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. కణం తయారవడం పెద్ద విషయం కాదు. అందులో ఏముంది, ఉన్నది ఎంతకాలం అలాగే ఉంటుంది అన్నవే కష్టమైన ప్రశ్నలు. మా రంగంలో ఈ ప్రశ్నల దాకా వెళ్లేవాళ్లు తక్కువ. ద్రావణం గోధుమ రంగుకు మారగానే నానో వెండి వచ్చేసిందని రాసేస్తారు. చాలా చిన్న వెండి కణాలు నీలి, ఊదా వెలుగును పట్టేసుకుంటాయి కాబట్టి ఆ ద్రావణం పసుపు నుంచి గోధుమ రంగులో కనిపించే మాట నిజమే. కానీ ఆ రంగు ఒక్కటే సాక్ష్యం కాదు.

కొన్నేళ్ల కిందట ఓ పరిశోధక విద్యార్థిని నమూనా తెచ్చింది. ఆమె ఊరు, కాలేజీ చెప్పను. తన బాక్టీరియా వెండి కణాలు చేస్తోందని వ్యాసం రాసి ఉంచుకుంది, నా దగ్గర ఫొటో ఒక్కటి తీయించుకుంటే పంపేయవచ్చు. మా యంత్రంలో ఎలక్ట్రాన్ల ధార కణాన్ని తాకితే ప్రతి మూలకం తనదైన శక్తితో ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంది. ఊళ్లో ఒక్కో గుడి గంటకు ఒక్కో మోత ఉన్నట్టు. ఆమె నమూనాలో వెండి గీత వచ్చింది. దాని పక్కనే క్లోరిన్ గీత కూడా వచ్చింది, చిన్నదేమీ కాదు. కార్బన్, ఆక్సిజన్ వస్తే అది బాక్టీరియా ప్రొటీన్ల పూత అనుకోవచ్చు. రాగి వస్తే అది మేం నమూనాను పెట్టే రాగి జల్లెడది. క్లోరిన్‌కు అక్కడ పని లేదు. తీరా చూస్తే బాక్టీరియాను పెంచిన ద్రవంలో ఉప్పు ఉంది. వెండి అయాన్లు బాక్టీరియా దాకా వెళ్లకముందే ఉప్పులోని క్లోరైడ్‌తో కలిసి సిల్వర్ క్లోరైడ్‌గా దిగిపోయాయి. ఆమె వెండి కణాల్లో ఎక్కువ భాగం వెండి కాదు.

ఇందులో ఇంకో తిరకాసుంది. నేను చూస్తూ ఉండగానే ఆ క్లోరిన్ గీత తగ్గిపోతూ వచ్చింది. ఎలక్ట్రాన్ల తాకిడికి సిల్వర్ క్లోరైడ్ విడిపోయి, క్లోరిన్ ఎగిరిపోయి, వెండి మిగులుతుంది. ఓ పది నిమిషాలు ఆలస్యంగా కొలిచి ఉంటే స్వచ్ఛమైన వెండి అని కాగితం ఇచ్చేసేవాణ్ణి. పదో తరగతిలో సిల్వర్ క్లోరైడ్‌ను ఎండలో పెడితే బూడిద రంగుకు మారుతుందని చదువుకున్నాం కదా, అదే సంగతి వేరే వేషంలో. ఆ అమ్మాయి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత క్లోరైడ్ లేని ద్రవంలో మొదటి నుంచీ చేసింది. ఎనిమిది నెలలు పట్టింది. ఆ రెండో వ్యాసం నాకిప్పటికీ ఇష్టం.

ఇప్పుడు పిల్లల గ్లాసుల దగ్గరికి వద్దాం. పాలలోనే లీటరుకు సుమారు ఒక గ్రాము క్లోరైడ్ ఉంటుంది. మజ్జిగలో ఉప్పు వేసి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. పైగా మన బోరునీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో ఇక్కడ కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. సిల్వర్ నైట్రేట్ పోయగానే రెండో గ్లాసు తెల్లగా మసకేసిందా అని అడిగాను. వేసిందట. ఆ తెల్లదనంలో చాలావరకు సిల్వర్ క్లోరైడే అయి ఉంటుంది. ఎండలో గోధుమ రంగు రావడానికి బాక్టీరియా కారణమా, సూర్యుడు కారణమా అన్నది తేలాలంటే ఇంకో రెండు గ్లాసులు కావాలి. ఒకటి చీకట్లో పెట్టాలి. ఒకటి బాక్టీరియా చచ్చేలా మరిగించిన తేటతో చేయాలి. పిల్లలు వెంటనే కాగితం మీద రాసుకున్నారు.

తాగే సంగతి వేరు. అక్కడ లెక్క చూడాల్సిందే. వాళ్లు వాడింది లీటరుకు 0.17 గ్రాముల సిల్వర్ నైట్రేట్. అందులో వెండి 108 మిల్లీగ్రాములు. తాగునీటిలో వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని భారతీయ ప్రమాణం. అంటే ఆ గ్లాసులో ఉన్నది వెయ్యి రెట్లు. 20 లీటర్ల బిందెలో ఆ ద్రావణం 100 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు అర మిల్లీగ్రాము పైనే అవుతుంది, పరిమితికి ఐదు రెట్లు. అందులో ఎంత లోహంగా ఉందో, ఎంత క్లోరైడ్‌గా ఉందో, ఎంత అయాన్‌గా మిగిలిందో ఎవరూ కొలవలేదు. సూక్ష్మజీవిని చంపేది ప్రధానంగా అయానే. దాన్ని కొలవకుండా నీరు శుద్ధి అయిందని ఎలా అంటాం?

నానో వెండితో నీటి శుద్ధి అబద్ధమని నేననడం లేదు. ఆ మజ్జిగ ప్రయోగం చేసిన ప్రదీప్ గారి బృందమే 2013లో ఓ పదార్థాన్ని ప్రకటించింది. అందులో వెండి కణాలు గట్టి గుళికల్లో చిక్కుకుని ఉంటాయి, నీటిలోకి వెళ్లవు. అయాన్లు మాత్రం లీటరుకు 0.04 మిల్లీగ్రాముల చుట్టుపక్కల నిలకడగా విడుదలవుతాయి. పరిమితిలో సగం కూడా కాదు. మజ్జిగ నుంచి ఈ గుళికల దాకా పదకొండేళ్లు పట్టింది. ఈ మాట చెబితే ఆ పాప కాస్త చిన్నబుచ్చుకుంది. పదకొండేళ్లకు తన వయసెంతవుతుందో లెక్కేసుకుని మళ్లీ నవ్వింది. బిందెలో కలపబోమని మాస్టారి ముందు మాటిచ్చారు. అట్ట మీద రెండో సగం కొట్టేశారు. గ్లాసుల్లోది మోరీలో పోయకుండా సీసాలో పోసి మూత పెట్టి ఇవ్వమన్నాను, నేను తీసుకెళ్తాను.

మోరీలో పోస్తే ఏమవుతుందంటే, అక్కడా కూర్పు మారుతుంది. మురుగులో గాలి చొరబడని చోట బతికే బాక్టీరియా సల్ఫేటు నుంచి సల్ఫైడ్ పుట్టిస్తుంది. మోరీకి ఆ కుళ్లిన గుడ్ల వాసన దానివల్లే. అమెరికాలో 2010లో మురుగు శుద్ధి కేంద్రం బురదను పరిశీలిస్తే అందులో సిల్వర్ సల్ఫైడ్ నానో కణాలు దొరికాయి. పెళ్లిలో పెట్టిన వెండి పట్టీలు బీరువాలో నల్లబడతాయే, ఆ నలుపు ఇదే పదార్థం. సిల్వర్ సల్ఫైడ్ నీటిలో దాదాపు కరగదు, అందుకే దాని విషం చాలా తక్కువ. ఈసారి మార్పు మనకు మేలే చేసింది. వేరే చోట, వేరే లోహంతో అలాగే జరుగుతుందని పూచీ లేదు.

కూర్పును మనం అదుపు చేయలేమా అని అడుగుతారు. కొంతవరకు చేయవచ్చు. పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి, అబ్సార్ అహ్మద్ గార్ల బృందం ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే బూజుతో చాలా పని చేసింది. ఆ పేరు రైతు కుటుంబాల వాళ్లకు కొత్త కాదు, అరటికీ టమాటాకూ ఎండు తెగులు తెచ్చే జాతి అది. 2005లో వాళ్లు బంగారు, వెండి అయాన్లను సమపాళ్లలో ఇచ్చి, బూజు మోతాదు మాత్రం మారుస్తూ పోయారు. వచ్చిన మిశ్రలోహంలో బంగారం, వెండి పాళ్లు మారాయి. బూజు విడుదల చేసే ఎలక్ట్రాన్ దాత ఎంత ఉందన్నదాని మీద అది ఆధారపడుతుందని తేల్చారు. బంగారం ఎలక్ట్రాన్‌ను సులువుగా తీసుకుంటుంది, వెండి అంత సులువుగా తీసుకోదు. కంసాలి తూకంతో చేసే పనిని ఇక్కడ బూజు మోతాదుతో చేశారు.

బంగారం అన్నాను కాబట్టి ఒక మాట. పక్కనే రామగిరిలో బంగారం తవ్విన నేల మనది. గనిలో రాతి నుంచి వచ్చే బంగారం సాధారణంగా ఒట్టి బంగారం కాదు, కొంత వెండి కలిసి ఉంటుంది. అదే బంగారం వేల ఏళ్లు మట్టిలో, వాగులో పొర్లితే పైపొరలో వెండి కరిగిపోయి దాదాపు మేలిమి మిగులుతుంది. ఇందులో నీటి పాత్ర ఉంది, సూక్ష్మజీవుల పాత్రా ఉంది. ఫ్రాంక్ రీత్ బృందం ఆస్ట్రేలియాలో ఒకదానికొకటి చాలా దూరంలో ఉన్న రెండు చోట్ల నుంచి బంగారు రేణువులు తెచ్చి చూసింది. రెండుచోట్లా ఆ రేణువుల మీద బాక్టీరియా పొర ఉంది. అందులో క్యుప్రియావిడస్ మెటాలిడ్యూరన్స్ అనే జాతికి చెందినవి ఉన్నాయి. 2006లో ప్రకటించారు. ఈ బాక్టీరియాను అంతకు ముప్పై ఏళ్ల ముందే బెల్జియంలో ఓ లోహ కర్మాగారపు మురికి తొట్టిలో కనుగొన్నారు. కరిగి ఉన్న బంగారం దానికి విషం, కనుక తన పొరల్లో నానో కణాలుగా గడ్డకట్టిస్తుంది. అలా రేణువు మీద మళ్లీ పేరుకునే బంగారంలో వెండి ఉండదు. ఇలాంటి రేణువును గీటురాయి మీద గీస్తే రాయి చెప్పేది పైపొర సంగతే. లోపలిది తెలియాలంటే రేణువును కోయాలి. మా దగ్గరికి వచ్చే నమూనాల విషయంలో కూడా నేను అందరితో గొడవ పడేది ఈ కోయడం గురించే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ విషాన్ని వదిలించుకునే కథలు. కావాలని, పనిగట్టుకొని నానో కణం చేసుకునే బాక్టీరియా కూడా ఉంది. నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది అదే. 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ అనే యువ పరిశోధకుడు అమెరికా తూర్పు తీరపు బురదను మైక్రోస్కోప్ కింద పెడితే, కొన్ని బాక్టీరియా ఎప్పుడూ ఒకే పక్కకు ఈదుతున్నాయి. మైక్రోస్కోప్ తిప్పినా అవి తిరగలేదు. అయస్కాంతం దగ్గరపెడితే తిరిగాయి. వాటి ఒంట్లో మాగ్నెటైట్ స్ఫటికాలు పూసల దండలా వరసగా ఉన్నాయి, ఒక్కోటి 35 నుంచి 120 నానోమీటర్లు. అంతకన్నా చిన్నవైతే అయస్కాంతత్వం నిలవదు, బాగా పెద్దవైతే లోపలే చీలిపోతుంది. ఇటలీలో సాల్వతోరే బెల్లీని అంతకు పన్నెండేళ్ల ముందే ఇలాంటివి గమనించి రాశాడు కానీ ఎవరూ పట్టించుకోలేదు.

ఆ పూస ఒక్కసారిగా మాగ్నెటైట్‌గా పుట్టదు. 2013లో ప్రకటించిన పరిశీలన ప్రకారం మొదట అక్కడ కనిపించేది భాస్వరం దండిగా ఉన్న ఇనుప హైడ్రాక్సైడ్. తర్వాత భాస్వరం తప్పుకుని ఇనుము, ఆక్సిజన్ ఉన్న మధ్యదశ వస్తుంది. చివరికి మూడు ఇనుముకు నాలుగు ఆక్సిజన్ లెక్కన మాగ్నెటైట్. ఎప్పుడు తీసి చూశామన్నదాన్ని బట్టి ఒకే పూసకు మూడు రకాల కూర్పులు చెప్పవచ్చు, మూడూ నిజమే. బ్రిటన్‌లో సారా స్టానిలాండ్ బృందం 2008లో ఈ బాక్టీరియా పెరిగే ద్రవంలో కోబాల్ట్ కలిపింది. పూసల్లోకి చేరిన కోబాల్ట్ 0.2 నుంచి 1.4 శాతమే. కానీ వాటి అయస్కాంతత్వాన్ని చెరపడానికి కావలసిన బలం మూడో వంతుకు పైగా పెరిగింది. పప్పులో ఇంగువ పాటి మోతాదు.

సాయంత్రం సమావేశంలో జూబిలీ నిధితో సైన్సు గదికి ఏం కొనాలో తేలుస్తారని విన్నాను. పెద్ద తెర ఒకటి అంటున్నారు. తెర మీద కోపం లేదు. కానీ ఆ డబ్బుతో 40 రెట్ల కటకం ఉన్న మంచి మైక్రోస్కోపులు రెండు వస్తాయి. వస్తే మొదటి ప్రయోగం ఏమిటో ఇప్పుడే చెబుతాను, ఉపాధ్యాయులు రాసుకోండి.

వెడల్పు మూతి గాజు సీసా తీసుకోండి. మూడో వంతు చెరువు అడుగు బురద, పైన ఆ చెరువు నీళ్లే. మూత వదులుగా పెట్టి, ఎండ తగలని మూల రెండు మూడు వారాలు కదపకుండా ఉంచండి. తర్వాత, దిక్సూచి ఉత్తరపు మొన అయస్కాంతంలో ఏ కొనకు లాగబడుతుందో చూసి, ఆ కొనను సీసా బయట, బురదకు కాస్త పైన ఆనించి ఓ గంట ఉంచండి. అక్కడి నుంచి గొట్టంతో ఒక చుక్క తీసి గాజు పలక మీద పెట్టి, చుక్క అంచును చూడండి. ఉంటే ఆ అంచున గుంపుగా చేరతాయి. అయస్కాంతం తిప్పితే వెనక్కి మళ్లుతాయి. ఇంకో కొన దగ్గర కూడా ఒక చుక్క తీయండి. మామూలుగా ఉత్తరార్ధగోళంలో ఉత్తరానికి ఈదేవే ఎక్కువగా దొరుకుతాయి. ఎందుకంటే అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం ఉత్తరం వైపు కిందికి వంగి ఉండి, వాటిని అడుగు బురదకు దారి పట్టిస్తుంది. కానీ అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొసన పోతుంది. తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టింది అందుకే. దానికి ఎంత దగ్గరైతే ఆ వంపు అంత తక్కువ, రేఖ మీద రెండు రకాలూ ఇంచుమించు సమానంగా దొరుకుతాయి. మన చెరువులో ఏది ఎంత ఉందో లెక్కపెట్టి పట్టిక రాయండి.

దొరికితే ఓ చిన్న సీసా నాకు పంపండి. ఏ రోజు తీశారో, నీటికి ఎంత లోతులో తీశారో చీటీ మీద రాయడం మరిచిపోవద్దు. బురదకు పైన ఆక్సిజన్ కాస్త అందే చోట మాగ్నెటైట్ పూసలవి, ఇంకా కింద సల్ఫైడ్ ఉన్న చోట ఇనుము, గంధకం కలిసిన పూసలవి ఉంటాయి. ఆ లోతు తెలియకపోతే నా యంత్రం చెప్పే మూలకాల లెక్కకు అర్థం ఉండదు. వానలు పడి చెరువు నిండాక పంపితే మంచిది.